కొత్తపట్నం దాకా

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. ఈ సంగతి ముందే చెప్పేయడం మంచిది, ఎందుకంటే ఇందులో జరిగిన పాపమంతా ఆ కోపం చేసిందే.

మా ఊరు మార్టూరుకు దగ్గర. ఒక పక్క రాయి కోసే మిషన్ల రొద, ఇంకో పక్క మిరప కల్లాలు. నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. అమ్మ కల్లాల్లో ఎండు మిరపకాయలకు తొడిమలు తీసేది. ఫిబ్రవరి నుంచి మే దాకా పొద్దున వెళ్తే మళ్లీ దీపాల వేళకే ఇంటికి. ఆ నాలుగు నెలలూ మా పేటలో ఒక కట్టుబాటు ఉండేది. తొడిమలు తీసే ఆడవాళ్లు పసిపిల్లల్ని ముట్టుకోరు. సబ్బుతో కడిగినా, బూడిదతో రుద్దినా, మజ్జిగలో ముంచినా ఆ ఘాటు చర్మాన్ని వదలదు. పిల్లలకు నీళ్లు పోయడం, జడలు వేయడం, అన్నం కలిపి పెట్టడం అన్నీ ముసలివాళ్ల పని. నన్ను అమ్మమ్మ పెంచింది. అమ్మ గడప అవతల కూర్చుని, రెండు చేతులూ కొంగులో చుట్టుకుని, "తిన్నావా? ఏదీ, నోరు చూపించు" అనేది. నేను పరిగెత్తి మీద పడబోతే గబుక్కున వెనక్కి జరిగేది.

"దగ్గరికి రాకే, మండుద్ది!"

పేటలో పిల్లలందరి సంగతీ అంతే. వాళ్లెవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం మనసులో పెట్టుకున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒంగోల్లో ఉండి పీఈటీ ట్రైనింగ్ చేస్తున్నాను. ఒంగోలు నుంచి కొత్తపట్నం సముద్రం దాకా హాఫ్ మారథాన్ పెడుతున్నారని మా సార్ చెప్పి, నన్నడక్కుండానే పేరు రాయించేశాడు. దూరం చాలడం లేదని ఊళ్లోనే ఒక చుట్టు తిప్పి, తర్వాత కొత్తపట్నం రోడ్డు ఎక్కిస్తారట. శనివారం ఇంటికి వెళ్లి అమ్మతో చెప్పాను.

"ఇరవై ఒక్క కిలోమీటర్లా? ఏం, బస్సులు చచ్చాయా?"

"పోటీ అమ్మా."

"గెలిస్తే ఏమిస్తారంట?"

"నేను గెలవను. చివరిదాకా పరిగెత్తితే చాలు."

"ఓసి నీ దుంప తెగ! గెలవనని తెలిసి కూడా పరిగెత్తుద్దంట!" అని నవ్వింది.

ఆ చలికాలమంతా సెలవు రోజుల్లో పత్తి చేల మధ్య డొంక దారిలో పరిగెత్తాను. పనికి వెళ్లే ఆడవాళ్లు ఆటోలోంచి తలలు బయటపెట్టి, "ఏమే, కుక్క తరిమిందా?" అని అరిచేవాళ్లు. వాళ్ల మధ్య ఇరుక్కుని కూర్చున్న అమ్మ, "మీ నోళ్లు పడ, దాన్ని పరిగెత్తనీయండే" అనేది. ఆ మాట వింటే ఇంకో మైలు పరిగెత్తాలనిపించేది.

అమ్మ అప్పటిదాకా సముద్రం చూడలేదు. బస్సెక్కితే పూట పట్టని దూరంలో సముద్రం ఉన్నా చూడలేదు. "నువ్వు రా, పరుగు అయ్యాక సముద్రం చూపిస్తా" అన్నాను. "నాకెందుకే ఆ నీళ్లు" అంటూనే పెట్టెలోంచి మంచి చీర తీసి దండెం మీద వేసింది. పరుగు ఫిబ్రవరి ఆఖరి ఆదివారం. ఆరాధనకు రాలేనని పాస్టరు గారికి ముందుగానే చెప్పి వచ్చింది. జ్వరం వచ్చినా ఆరాధన మానని మనిషి.

నాకు కావలసింది ఒకటే. చివర్లో అమ్మ నిలబడి ఉండాలి. నేను వెళ్లి మీద పడితే వెనక్కి జరగకూడదు.

నేను నోరు తెరిచి ఈ మాట చెప్పలేదు. కానీ తనకు తెలిసిందేమో, శుక్రవారం మధ్యాహ్నానికే పని ఆపేసింది. శనివారం పొద్దున్నుంచీ చేతులు మజ్జిగలో పెట్టుకుని కూర్చుంది. సాయంత్రం ఆముదం వెచ్చబెట్టి వాకిట్లో చాప పరిచింది.

"బోర్లా పడుకో. పిక్కలు రాస్తా."

"చేతులు?"

"నిన్నటి నుంచీ కాయ ముట్టలేదే. చూడు, ఏం మండట్లా."

తన చేతులు మండక ఇరవై ఏళ్లయింది. మంట తెలియడం అవి ఎప్పుడో మానేశాయి. ఆ సంగతి తనకూ తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను కళ్లు మూసుకుని పడుకున్నాను. మిరపకాయల రోజుల్లో అమ్మ చెయ్యి నా మీద పడటం అదే మొదటిసారి. గరుకుగా, బలంగా, పిండి పిసికినట్టు పిసికింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆ హాయి పట్టుమని పది నిమిషాలు. చేతుల పగుళ్లలో దాక్కున్న ఘాటంతా ఆముదానికి బయటికొచ్చింది. మోకాళ్ల వెనక మొదలై మడమల దాకా పాకింది. నేను లేచి గంతులు వేశాను.

"ఏం చేశావే! రేపు పరిగెత్తాలని తెలీదా నీకు?"

అమ్మ మజ్జిగ తెచ్చి కాళ్ల మీద పోసింది. తుడవడానికి చెయ్యి చాపితే విసిరికొట్టాను.

"ముట్టుకోకు! ఇన్నేళ్లూ ముట్టుకోకుండానే పెంచావుగా, ఇవాళే గుర్తొచ్చానా? రేపు నువ్వు రావద్దు."

"నాకు తెలీలేదే" అంది అమ్మ. అంతే. కొంగులో చేతులు చుట్టుకుని గడప అవతలికి వెళ్లి కూర్చుంది.

తెల్లవారుజామున మొదటి బస్సుకు ఒక్కదాన్నే వెళ్లిపోయాను.

పరుగు మొదలైన కాసేపటికి చెమట పట్టింది. చెమటతో పాటే మంట మళ్లీ లేచింది. ఊరు దాటి కొత్తపట్నం రోడ్డు ఎక్కేదాకా అడుగడుక్కీ అమ్మను తిట్టుకున్నాను. పొలాలు అయిపోయాయి, రొయ్యల చెరువులు వచ్చాయి. సగం దాటాక తిట్టుకునే ఓపిక కూడా పోయింది. అప్పుడు "నాకు తెలీలేదే" అన్న గొంతు ఒక్కటే చెవుల్లో మిగిలింది. దాన్ని వింటూ ఏడుస్తూ పరిగెత్తాను. కొంత నడిచాను, మళ్లీ పరిగెత్తాను. పరుగు కాగానే సాయంత్రం బస్సుకు ఇంటికి పోయి తప్పు అని ఒప్పుకోవాలని గట్టిగా అనుకున్నాను.

సరుగుడు తోట దగ్గర రెండు గుంజలకు తాడు కట్టి జెండాలు వేలాడదీశారు. అదే ఆఖరు. తాడు దాటి తలెత్తితే అమ్మ ఉంది.

రావద్దన్నా వచ్చింది. మంచి చీర కట్టుకుంది. పక్కన ఇసుకలో మజ్జిగ క్యాను పెట్టుకుంది. రెండు చేతులకూ ప్లాస్టిక్ కవర్లు తొడుక్కుని, మణికట్ల దగ్గర పురికొసతో బిగించి కట్టుకుంది. నన్ను చూసి ఒక అడుగు ముందుకు వేసి, ఆ రెండు చేతులూ చాపింది. వెనక్కి జరగలేదు.

నా కంటే ముందు వచ్చిన మా కాలేజీ పిల్లలు నా చుట్టూ మూగారు. ఒకమ్మాయి కిసుక్కున నవ్వి, "ఎవరే ఆవిడ, చేతులకి ఆ కవర్లేంటి?" అంది.

"ఏమో" అన్నాను.

ఆ ఒక్క మాట అని, మొహం తిప్పుకుని, నిర్వాహకులు మంచినీళ్లు ఇస్తున్న బల్ల దగ్గరికి వెళ్లాను. సిగ్గేసింది. దారంతా ఏడ్చిన నేనే, ఎదురుగా అమ్మ నిలబడితే సిగ్గుపడ్డాను. ఛీ, అది ఏం బతుకో నాకు ఈరోజుకీ అర్థం కాదు.

గ్లాసు నీళ్లు తాగి వెనక్కి వచ్చేసరికి మజ్జిగ క్యాను ఉంది, అమ్మ లేదు. గాలికి ఎగిరిపోకుండా కవర్లు రెండూ మడిచి క్యాను కింద పెట్టింది. బస్సు ఆగే చోటికి పరిగెత్తాలని చూశాను, కాళ్లు లేవలేదు. సముద్రం ఆ తోటకు అవతలే. చూసి వెళ్లిందో, చూడకుండానే వెళ్లిందో తెలియదు.

రాత్రి ఇంటికి వెళ్తే, "వచ్చావా, అన్నం తిను" అంది. నా మాట విందో లేదో మొహం చూస్తే తెలియలేదు. అన్నిటికీ నోరు పెట్టుకుని పడిపోయే దాన్ని, ఆ రాత్రి తప్పు అని ఒప్పుకోలేకపోయాను. తర్వాతా ఒప్పుకోలేదు. నాకు ఉద్యోగం వచ్చింది, అమ్మ పని మానేసి నా దగ్గరికే వచ్చింది. కాళ్లు పట్టేశాయని నేను మూలిగితే ఆముదం సీసా తెచ్చి నా పక్కన పెట్టేది. "రాసుకో" అనేది. తను రాసేది కాదు. మిరపకాయ ముట్టి ఏళ్లు గడిచినా రాసేది కాదు. నువ్వు రాయవే అని అడగడానికి నాకు మొహం లేదు.

నాలుగేళ్ల తర్వాత ఒక ఆగస్టులో మూడు రోజుల జ్వరంతో అమ్మ పోయింది. పేట నుంచి వచ్చిన ఆడవాళ్లు నీళ్లు పోస్తూ, "చేతులు నువ్వు కడుగమ్మా" అన్నారు. అరచేతుల పగుళ్లు ఇంకా అలాగే ఉన్నాయి. కడిగి, తుడిచి, ఆ రెండు అరచేతులూ తీసుకుని నా కళ్లకు అదిమి పెట్టుకున్నాను. వదలమ్మా, వదలమ్మా అని ఎవరో అంటున్నా వదల్లేదు. ఎంతసేపు పెట్టుకున్నా మండలేదు.