మా అమ్మ తీసిన దిష్టి

చిన్నప్పుడు నేను లావుగా ఉండేదాన్ని, మా తమ్ముడు సన్నగా ఉండేవాడు. డెబ్బైలలో, తిరువూరులో, అమ్మ మా ఇద్దరికీ ఒకేలా వడ్డించేది. మొదటి ముద్ద ఆకుకూరతో తినాలన్నది ఒక్కటే షరతు. "ఆకలి తీరిందా?" అని తప్ప ఇంకేమీ అడిగేది కాదు.

ఓసారి విస్సన్నపేట నుంచి మా మేనత్త వచ్చింది. ఆవిడ నోటికి అదుపు లేదు. అమ్మ నా అన్నంలో నెయ్యి వెయ్యబోతుంటే, "ఏమ్మా, దీనికి నెయ్యి మానిపించకూడదూ? ఇప్పటికే బస్తాలా ఉంది. ఆ పుల్లలాంటి వాడికి వెయ్యి" అంది. నా చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

ఆడపడుచుకి ఎదురుచెప్పే రోజులు కావవి. అమ్మ గుప్పెడు ఉప్పు, ఎండుమిరపకాయలు తెచ్చింది. మా ఇద్దరి చుట్టూ మూడుసార్లు తిప్పి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, ఇంటికొచ్చినవాళ్ళ దిష్టి" అంటూ పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకి అత్త దగ్గుకుంటూ వీధి అరుగు మీదికి పోయింది. అమ్మ తాపీగా వచ్చి ఇద్దరికీ రోజూ వేసేంత నెయ్యే వేసింది.

ఆ తర్వాత మా ఒంటి గురించి ఎవరు నోరెత్తినా అదే వైద్యం. కొన్నాళ్ళకి చుట్టాలందరూ ఆ మాటే మానేశారు. అంత తెలివైన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

పెద్దయ్యాక అడిగాను, "నీకు దిష్టి మీద అంత నమ్మకమా?" అని.

"దిష్టీ లేదు, గిష్టీ లేదు. మిరపకాయలు దండగైతే అయ్యాయి, నా పిల్లలు కంచం ముందు సిగ్గుపడకూడదు" అంది.