జడ్జమ్మ ఇంట్లో సత్యకుమారి అప్పీలు

గల్ఫ్‌లో, ఖోర్ ఫక్కాన్ ఊళ్ళో మా వెనక వీధిలో ఉండే జడ్జమ్మ మౌజా గురించి నాకు తెలిసిందంతా వాళ్ళింట్లో వంట చేసే సత్యకుమారి చెప్పిందే. అడగనిదే తను చెప్పదు, అడక్కుండా నేనుండలేను.

కరోనా ఏడు మౌజా ఫుజైరాలో కింది కోర్టు జడ్జి. కోర్టు మూసేసరికి విచారణలన్నీ భోజనాల బల్ల మీది లాప్‌టాప్‌లోకి వచ్చాయి. ఒంటిమీద నల్ల గౌను, కాళ్ళకి ఇంట్లో తొడుక్కునే చెప్పులు. విజిల్‌కి సాక్షులు బెదురుతారని విచారణ అయ్యేదాకా సత్యకుమారి కుక్కరు పెట్టేది కాదు.

మూడేళ్ళకి మౌజాని అప్పీలు కోర్టుకి వేశారు. కింది తీర్పు తప్పని మొర పెట్టుకుంటే మళ్ళీ వినే కోర్టది. ఆ సాయంత్రం అభినందించడానికి ఓ ముసలి జడ్జిగారు వచ్చారు. రోజూ గహ్వా పోసే మౌజా అత్తగారికి మోకాళ్ళ నొప్పి. అందుకని అరబ్బుల ఆ కాఫీని సత్యకుమారి పోసింది, గోదావరి మర్యాదగా, కప్పు అంచుదాకా.

అక్కడ కప్పు అడుగున కొంచెమే పోయాలి. నిండా పోస్తే, తాగి ఇక బయల్దేరమని అర్థం.

అత్తగారు వంటింట్లోకి వచ్చి తీర్పు చెప్పేశారు. “ఖలాస్. రేపే ఊరికి పంపించెయ్యండి.”

సత్యకుమారి కూతురి నర్సింగు చదువు ఇంకా ఏడాది ఉంది. కళ్ళు తుడుచుకుని హాల్లోకెళ్ళి జడ్జమ్మ ముందు నిలబడింది.

“మామా, నాదీ అప్పీలే.” అక్కడ పనివాళ్ళు ఇంటి యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

జడ్జమ్మ నవ్వలేదు. “మీ ఊళ్ళో కప్పు అడుగున పోస్తే ఏమంటారు?”

“పిసినారి కొంపంటారు మామా. నిండా పొయ్యకపోతే మా అమ్మ మొట్టేసేది.”

“అత్తయ్యా, తీర్పు చెప్పేముందు ఈమెని ఇది అడిగారా?”

“కళ్ళారా చూశాక అడిగేదేముంది?”

“అందుకే అప్పీలు కోర్టులు పెట్టారు.”

ముసలి జడ్జిగారు ఖాళీ కప్పు చూపించారు. “పొమ్మందని నాకు అనిపిస్తే ఈపాటికి వెళ్ళిపోయేవాణ్ణి. వంట ఎవరిది? ఈమెదేనా? అయితే భోంచేసే వెళ్తాను.”

అత్తగారి తీర్పు కొట్టేశారు. సత్యకుమారికి గహ్వా పొయ్యడం నేర్పే పని ఆవిడకే పడింది. వారం రోజులు మొహం ముడుచుకునే నేర్పారట.

మొన్న శుక్రవారం మా ఇంటికొచ్చి తనే టీ పెట్టింది. గ్లాసు అడుగున నాలుగు చుక్కలు.

“ఇదేంటే, పిల్లి కూడా తాగదు.”

“నిండా పోస్తే పొమ్మన్నట్టు కదా పిన్నిగారూ.”

“నా ఇంట్లోంచి నేనెక్కడికి పోతానే? నిండా పొయ్యి. ఇంతకీ ఆ అత్తగారు ఇప్పుడు నీతో మాట్లాడుతోందా లేదా?”