ఉషారాణి చెప్పిన పంచదార పాలు

కొవ్వూరులో గోదావరి గట్టు దిగువన ఉన్న చేపలవాళ్ళ వీధిలో ఉషారాణిని పేరుపెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. టీచరమ్మ అంటే ఆవిడే. ఆ వీధిలోనే పుట్టింది, నాలుగిళ్ళ అవతలికే కాపురానికి వెళ్ళింది, పంతొమ్మిదేళ్ళుగా ఆ వీధి అంగన్‌వాడీలోనే పనిచేస్తోంది. ఏ బిడ్డ ఎంత బరువుందో, ఎవరు పప్పన్నం తింటారో, ఎవరు గుడ్డులో పచ్చసొన ఉమ్మేస్తారో ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ మాట మీద వీధికి గురి. ఆ గురే చివరికి ఆవిడ మెడకు చుట్టుకుంది.

కిందటి వేసవిలో అంగన్‌వాడీ టీచర్లందరికీ ఒక పూట శిక్షణ పెట్టారు. పళ్ళ డాక్టరమ్మ ఒకావిడ వచ్చింది. చిన్నపిల్ల, పాతికేళ్ళుంటాయేమో, గొంతు మాత్రం మెత్తన.

"పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లలకి ముందు పైపళ్ళు పుచ్చుతాయండి. నిద్రలో ఉమ్మి సరిగ్గా ఊరదు. తీపి పాలు పళ్ళ మీదే నిలిచిపోతాయి. మొదట తెల్ల మచ్చలొస్తాయి, అవి గోధుమరంగుకి తిరుగుతాయి, ఆ తర్వాత నలుపు" అని గోడ మీద ఫొటోలు వేసి చూపించింది. మూడో ఫొటో పడగానే ఉషారాణి చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళలేదు. ఎవరి బిడ్డదో ఆ నోరు. అచ్చం బుల్లెమ్మ నోరు.

బుల్లెమ్మకు అప్పటికి రెండేళ్ళ తొమ్మిది నెలలు. తండ్రి పెదబాబు వలకి వెళతాడు. తల్లి వీరదుర్గ తెల్లారకుండానే చేపల బేసిను ఆటోలో వేసుకుని, వంతెన దాటి రాజమండ్రి మార్కెట్టుకు వెళుతుంది. పిల్ల ఆలనాపాలనా అంతా నాయనమ్మ అచ్చాయమ్మదే. పిల్ల పైపళ్ళు నాలుగూ నల్లబడటం ఉషారాణి చూడకపోలేదు. వీధిలో సగంమంది పిల్లల పళ్ళు అంతే కదా అనుకుంది. రోజూ చూసేది కంటికి ఆనదు.

మర్నాడే తల్లుల మీటింగు పెట్టింది. పదకొండుమంది వచ్చారు, అందులో ఏడుగురు గుడ్లిస్తారనుకుని వచ్చినవాళ్ళు.

"నిద్రలో పాలసీసా మానిపించండి. పాలలో పంచదార వద్దు. ఏడిస్తే చాలు బిస్కట్టు చేతిలో పెట్టేస్తున్నారు, అదీ వద్దు. పాలు తాగాక తడిగుడ్డతో పళ్ళు తుడవండి" అని చెప్పింది.

సుబ్బాయమ్మ నోరు ఊరుకోదు. "ఊడిపోయే పళ్ళకి ఇంత పూజెందుకు టీచరమ్మా? మా ఆయనకి ఊడకూడని పళ్ళే ఊడాయి, ఆయన్ని ఏ మీటింగుకీ పిలవలేదేంటి?"

అందరూ పక్కున నవ్వారు. ఉషారాణి కూడా నవ్వింది.

"ఊడేవేలే. ఊడేదాకా నమిలేది వాటితోనే కదా. చీము పట్టిందంటే కింద పుట్టే పన్ను కూడా పాడవుద్ది."

"ఆయ్, అలాగేనండి" అన్నారు. ఆ వీధిలో పుట్టింది కాబట్టి ఆ 'ఆయ్' ఎంత తేలికో ఉషారాణికి తెలుసు.

ఇక లేద్దామనుకుంటుండగా వెనక గోడకి జారగిలబడ్డ అచ్చాయమ్మ మెల్లగా అడిగింది. గొంతులో నిష్ఠూరమేమీ లేదు, నిజంగా తెలియకే అడిగింది.

"మరి నువ్వప్పుడు చెప్పిందేంటి ఉషమ్మా? పిల్ల ఎర్రగీతలో ఉంది, పడుకోబోయే ముందు సీసాడు పాలు, రెండు చెంచాల పంచదార, ఒక్కరోజు కూడా మానొద్దు పిన్నీ అన్నావు. నే మానలేదమ్మా. మీ బాబాయి పోయిననాడు కూడా మానలేదు."

ఉషారాణికి అంతా కళ్ళకు కట్టింది. పద్నాలుగు నెలల పిల్ల, పుల్లల్లాంటి కాళ్ళు, ఎదుగుదల కార్డు మీద ఎర్రగీతలో పడ్డ బరువు చుక్క. ఆ భయంలో చెప్పిన మాట అది. అచ్చాయమ్మ దాన్ని మందులా పాటించింది. ఆరు నెలల్లో పిల్ల ఆకుపచ్చ గీతలోకి వచ్చింది. పైఆఫీసరు మెచ్చుకుంది. అదే గదిలో అచ్చాయమ్మను నిలబెట్టి అందరిచేతా చప్పట్లు కొట్టించింది ఉషారాణి. అది చూసి ఇంకో మూడిళ్ళవాళ్ళు అదే పద్ధతి పట్టారు. ఎప్పుడు మొదలుపెట్టాలో చెప్పింది గానీ, ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. ఆవిడకూ ఎవరూ చెప్పలేదు.

"నాది తప్పే పిన్నీ" అంది.

"తప్పంటావేంటమ్మా, పిల్ల బతికింది కదా" అంది అచ్చాయమ్మ.

ఆనాటి నుంచి ఉషారాణికి ఒకటే పట్టుదల. మిగతా వీధి సంగతి తర్వాత, ఈ ఒక్క పిల్ల నోరు ఇంకా చెడకుండా ఆపాలి. పంచదార రోజుకి కాస్త తగ్గించమంది, పాలలో నీళ్ళు పెంచమంది. పిల్లకు మొదటి గుక్కలోనే తెలిసిపోయింది. సీసా విసిరికొట్టి, వీధి లేచేలా ఏడ్చింది. రెండు రాత్రులు ఉషారాణే వెళ్ళి ఉయ్యాల ఊపింది. మూడోరోజు తన అత్తగారికి జ్వరం తగిలి వెళ్ళలేకపోయింది.

"అక్కా, నేను మూడింటికి లేవాలి. ఆయన ఏటి మీదకెళ్ళాలి. నిద్రలేక పడవలో తూలితే ఏంటి గతి?" అంది వీరదుర్గ మర్నాడు. ముఖం చూడకుండా బేసిను తోముతూ అంది. సీసా మళ్ళీ ఉయ్యాలలోకి చేరింది. తిట్టే నోరు ఉషారాణికి లేకుండా పోయింది.

వానాకాలంలో పిల్ల దవడ వాచింది, ఒళ్ళు కాలిపోయింది. ఉషారాణే దగ్గరుండి వంతెన అవతల ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆరు పళ్ళు తీయాలన్నారు. ఇంత చిన్నపిల్లకు మత్తిచ్చే తీయాలన్నారు. డాక్టరు పిల్లను తూకం వేయించి, ముందు వాపు తగ్గడానికి మందులు రాసిచ్చాడు.

"పిల్ల బాగా నీరసంగా ఉందమ్మా. మత్తుకి తట్టుకోవాలి కదా. నెలరోజులు బాగా తినిపించి, కాస్త బరువు పెంచి తీసుకురండి."

వాపు తగ్గింది గానీ నొప్పి పూర్తిగా పోలేదు. గుడ్డు పెడితే పిల్ల నోరు మూసుకుంది. మెత్తగా పిసికిన పప్పన్నం చెంప తడిసేలా కక్కేసింది. పల్చటి గంజి నాలుగు చుక్కలు దిగితే ఎక్కువ. ఆసుపత్రి నుంచి వచ్చాక పంచదార మానేసి ఇచ్చిన ఉత్త పాలు ముట్టనే లేదు. ఉషారాణి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి వెళ్ళి చూసేది. వారం తిరిగేసరికి కార్డు మీద చుక్క మళ్ళీ కిందికి జారింది.

ఎనిమిదోనాడు మధ్యాహ్నం అరుగు మీద అచ్చాయమ్మ పిల్లను ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల ఏడవటం కూడా మానేసి, కళ్ళు సగం మూసుకుని ఉంది.

"నిన్నటి నుంచీ ఏమీ ముట్టలేదు ఉషమ్మా. ఏం పెట్టమంటావు? నువ్వు చెప్పిందే పెడతాను."

ఉషారాణి గంజి గిన్నె వైపు చూసింది, పిల్ల చేతుల వైపు చూసింది. లేచి లోపలికి వెళ్ళింది. పొయ్యి మీద పాలు వెచ్చబెట్టింది, సీసాలో పోసింది, పంచదార డబ్బా మూత తీసింది. అచ్చాయమ్మ పిల్లను భుజాన వేసుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

సీసా నోటికి తగలగానే పిల్ల కళ్ళు తెరిచింది. గుటగుటా తాగింది. సగం సీసా అయ్యేసరికి ఒళ్ళు వదిలి నిద్రపోయింది.

డాక్టరమ్మ చెప్పిన ప్రకారం ఉషారాణి గుడ్డ కొస తడిపి తెచ్చింది. సీసా మెల్లగా లాగి, చూపుడువేలికి గుడ్డ చుట్టి పై చిగురుకు తాకించింది. పిల్ల నిద్రలోనే ఒక్కసారి వణికి మూలిగింది. వేలు వెనక్కి తీసుకుంది ఉషారాణి.

"పడుకోనీవే" అంది అచ్చాయమ్మ. "నాలుగు రోజులిలా తాగితే బరువు పెరుగుద్దిలే."

పిల్ల చెయ్యి గాలిలో సీసా కోసం తడుముకుంటోంది. అచ్చాయమ్మ దాన్ని తీసి మళ్ళీ నోటికిచ్చింది. ఉషారాణి వద్దనలేదు.