రెప్పపాటులో మూసుకునే విండో

మా బావ ఒక ఆసుపత్రిలో కంప్యూటర్లు చూస్తాడు. చూస్తాడంటే, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కున్నా, ఫ్యాను తిరగకపోయినా అందరూ ఆయన ప్రాణమే తోడేస్తారు. అలిసిపోయి హెడ్డాఫీసుకు బదిలీ అడిగాడు. సూపరింటెండెంట్ సంతకం ఒక్కటే మిగిలింది.

రక్తపరీక్షల ల్యాబ్‌లో పాత ప్రోగ్రాములన్నీ టెర్మినల్ అనే నల్లటి తెరలో ఆదేశాలు టైపు చేస్తేనే కదిలేవి. అక్కడ పనిచేసే ఆవిడను అందరూ పెద్దమ్మ అంటారు. కళ్లజోడు సర్దుకుంటూ అక్షరం అక్షరం వెతుక్కునేది. బావ జాలిపడి ఒక్కో ప్రోగ్రాముకీ ఒక్కో ఐకాన్ పెట్టాడు. నొక్కితే చాలు, దాని టెర్మినల్ విడిగా తన విండోలో తెరుచుకుంటుంది. పని ముగియగానే మూసుకుంటుంది.

కొంపముంచింది ఆ మూసుకోవడమే. రిపోర్టులను వార్డుకు పంపే ఐకాన్ నొక్కగానే విండో ఇలా మెరిసి అలా మాయమయ్యేది. వెళ్లిపోయాయనుకుని పెద్దమ్మ ఊపిరి పీల్చుకునేది. ఒక్కటీ వెళ్లలేదు. ఐకాన్ నుంచి మొదలైన ప్రోగ్రాము ల్యాబ్ ఫోల్డర్‌లో కాక వేరేచోట వెతికి, ఫైళ్లు లేవని ఒక ముక్క రాసి ఆగిపోయేది. ఆ ముక్క కూడా విండోతోపాటే పోయేది. బావేమో ల్యాబ్ ఫోల్డర్‌లో టైపు చేసి చూశాడే గానీ, ఐకాన్ నొక్కి చూడలేదు.

వార్డులో డాక్టర్లు మండిపడ్డారు. పెద్దమ్మను ల్యాబ్ నుంచి తీసేసి స్టోర్‌రూమ్‌కి పంపమన్నారు. "నేను నొక్కానయ్యా, నిజంగా నొక్కాను" అంటూ ఆవిడ ఏడ్చిందట.

అది విని బావ తానే ఐకాన్ నొక్కి చూస్తే అసలు తప్పు బయటపడింది. నోరు మెదపకుండా ఉంటే సంతకం పడిపోయేది. నేనైతే మెదిపేవాణ్ణి కాను, సిగ్గులేకుండా చెబుతున్నాను. ఆయన మాత్రం కాళ్లీడ్చుకుంటూ సూపరింటెండెంట్ గదికి వెళ్లాడు.

"తప్పు ఆవిడది కాదు సార్, నాది."

"ఇంత చిన్నది చూసుకోలేనివాణ్ణి హెడ్డాఫీసుకి ఎలా పంపనయ్యా?"

బదిలీ సంగతి అక్కడితో సరి. బావ ల్యాబ్‌కి వచ్చి, ఐకాన్ ల్యాబ్ ఫోల్డర్ నుంచే మొదలయ్యేలా సరిచేశాడు. ఎంటర్ నొక్కేదాకా విండో మూసుకోకుండా చేశాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా మార్చుకోకుండా కుర్చీలో కూలబడ్డాడు. మొహం చూసి మా అక్క మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టింది.

ఇంతలో ఫోన్ మోగింది. "మళ్లీ ఏదో తగలడింది" అని గొణుక్కుంటూ ఎత్తాడు.

"ఏమీ పాడవలేదు నాయనా," అంది పెద్దమ్మ. "అన్నీ అందాయని రాసుంది. రెండుసార్లు చదువుకున్నాను. నీకు చెబుదామని చేశాను, అంతే."

బాగుందని చెప్పడానికి ఇన్నేళ్లలో ఆయనకు ఎవరూ ఫోన్ చేయలేదు. "సరే పెద్దమ్మా" అని పెట్టేసి, మా అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాడు.