కాజాల షెడ్డులో ఖాళీ గడి

చిక్కబళ్లాపురంలో పట్టుగూళ్ల గోదామును కుట్టు షెడ్డుగా మార్చింది 1944 జనవరిలో. యుద్ధానికి ఖాకీ చొక్కాలు కుట్టించే కంట్రాక్టు బెంగళూరు ఆసామి ఒకాయన పట్టాడు. మిషన్ల మీద మగవాళ్లు కుట్టేవారు. కాజాలు తీయడం, గుండీలు వేయడం ఆడవాళ్ల పని. మేం ముప్పైయొక్క మందిమి. మా నాన్న గుడి పూజారి. నాకు ఇక్కడి సర్కారు భాషైన కన్నడం చదవడం, రాయడం నేర్పించాడు కాబట్టి కాజాలతో పాటు హాజరు పుస్తకం రాసే పని కూడా నాకే పడింది.

కూలిలో రూపాయికి అణా చొప్పున పట్టుకునేవారు. పని మధ్యలో మానకుండా ఉంటే షెడ్డు మూసేనాడు మొత్తంగా తిరిగి ఇస్తామన్నారు. ఆ మాట అందరి ముందూ చెప్పారు, కాగితం మీద మాత్రం రాయలేదు.

మొదటి రోజు పేర్లు రాసుకుంటుంటే పుస్తకంలో భర్త పేరుకు ఒక గడి కనిపించింది. మా వైపు పెళ్లైన ఆడది మొగుడి పేరు నోటితో పలకదు, పలికితే ఆయన ఆయుష్షు తగ్గుతుందని భయం. పక్కనున్న చుట్టమో, ఇరుగుపొరుగో అందుకుని చెబుతారు. అలా ఇరవై మందికి చెప్పారు. పదకొండు మందికి తెలిసినవాళ్లు ఎవరూ పక్కన లేరు. తలలు దించుకుని నిలబడ్డారు. రేపు ఎవరినైనా అడిగి నింపుదామనుకుని ఆ గడులు ఖాళీగా వదిలాను. ఆ రేపు ఇరవై నెలలైనా రాలేదు. అది నా తప్పు.

ఆ పదకొండు మందిలో చాకవేలు అనే ఊరి నుంచి వచ్చిన ఆమె ఒకతె. ఆమె భర్త బావి తవ్వుతూ పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. ఆయన్ను అత్త దగ్గర వదిలి, ఇక్కడ వేరే ఊళ్లవాళ్లు ఇద్దరితో కలిసి ఒక గదిలో ఉండేది. అంత సన్నంగా, గట్టిగా కాజా తీసే చెయ్యి షెడ్డులో మరొకటి లేదు.

యుద్ధం ముగిసింది. 1945 ఆగస్టు ఆఖరున ఒక ఉదయం వెళ్లేసరికి షెడ్డుకు తాళం వేసి ఉంది. చివరి పదిహేను రోజుల కూలీ లేదు, పట్టుకున్న అణాలూ లేవు. అందరం కలిసి తాలూకా కచేరిలో అర్జీ పెట్టాం. తాలూకా అధికారి అమల్దారు కంట్రాక్టరు మనిషిని పిలిపించి, హాజరు పుస్తకం ప్రకారం చెల్లించమన్నాడు. గడులు నిండి ఉన్న ఇరవై మందికి ఆ రోజే ముట్టింది. మిగిలిన వాళ్లకు ఎనిమిది రోజుల గడువిచ్చాడు. పదిమంది అన్ననో, మరిదినో తీసుకొచ్చి పేరు చెప్పించి డబ్బు తీసుకున్నారు.

చాకవేలు ఆమె వంతు వచ్చింది. ఆమెకు వెంట తెచ్చుకోవడానికి అన్నలు గానీ మరుదులు గానీ లేరు. ఆమెకు రావలసింది పట్టుకున్న అణాల కింద తొమ్మిది రూపాయల పద్నాలుగణాలు, చివరి కూలి నాలుగు రూపాయలు. కంట్రాక్టరు మనిషి అడ్డం తిరిగాడు. అదే పేరుతో ఇంకొకామె మూడు నెలలు పనిచేసి చింతామణికి వెళ్లిపోయిందనీ, ఈమె ఎవరో తనకెలా తెలుస్తుందనీ, తోటి కూలీల సాక్ష్యం చెల్లదనీ అన్నాడు. భర్త పేరు ఆమే స్వయంగా చెబితే రాసుకుని ఇప్పిస్తానన్నాడు అమల్దారు. ఆమె పలకలేదు.

"మొగుని పేరు తెలీదంట. కూలి లెక్క మాత్రం కాసుతో సహా తెలుసంట" అన్నాడు కంట్రాక్టరు మనిషి. కచేరి గుమాస్తాలు నవ్వారు.

ఆమె అమల్దారు వైపే చూసి, "తెలీక కాదప్పా. ఆయప్ప మంచం మింద ఉండాడు. ఇప్పుడు నా నోట్లో ఆ పేరు రాకూడదు" అంది.

బయటికి తీసుకొచ్చి బతిమాలాను. వైద్యానికే కదా ఆ డబ్బు, ఒక్క మాటతో పోయేదేముందన్నాను.

"నీకు పెండ్లయి ఎన్నేండ్లమ్మా?"

"మూడేళ్లక్కా."

"నీ మొగుని పేరు చెప్పు, విందాం."

నోరు తెరిచాను. మా వారికి జలుబైనా లేదు, రాయిలా ఉన్నారు. అయినా మాట బయటికి రాలేదు. ఆమె నవ్వలేదు. కొంగు సర్దుకుని, వాళ్ల ఊరి వైపు పోయే బాగేపల్లి బస్సు ఎక్కింది.

గడువులో ఇంకా ఆరు రోజులున్నాయి. ఆ సాయంత్రమే వాళ్ల ఊరి లెక్కలు రాసే శానుభోగుకు కార్డు రాశాను, భర్తను అడిగి పేరు రాయించి, వేలిముద్ర వేయించి పంపమని. కార్డు రాసిన ఎనిమిదో రోజున జవాబు వచ్చింది, గడువు దాటిన రెండు రోజులకు. పట్టుకుని కచేరికి పరుగెత్తాను. అమల్దారు జమాబందికి, ఊళ్ల శిస్తు లెక్కలు చూడ్డానికి, వెళ్లాడు. కంట్రాక్టరు మనిషి మిగిలిన డబ్బుతో బెంగళూరు రైలెక్కాడట.

తర్వాతి నెల ఆమె వచ్చింది. జరిగింది చెప్పి, గడి ఖాళీగా వదిలింది నేనేనని కూడా చెప్పాను.

"పనిలో చేరిన పొద్దు నువ్వు చెప్పు చెప్పు అని నిలబెట్టింటే, నేను పనే వద్దని పొయ్యిండేదాన్ని" అంది. భర్త గోడకు ఆనుకుని కూర్చోగలుగుతున్నాడని చెప్పింది. తాను ఆ పేరు పలకనందుకే లేచాడని ఆమె నమ్మకం.

నా డబ్బులోంచి ఐదు రూపాయలు తీసి చేతిలో పెట్టబోయాను. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"నీ దుడ్డు నాకెందుకమ్మా. నేను పని చేసింది వాళ్లకు. వాళ్లే ఇయ్యాల."

నాతో కొత్త అర్జీ రాయించింది. కార్డులో ఉన్న పేరు చూసి గడి నింపాను. ఆమె తల పక్కకు తిప్పుకుని వేలిముద్ర వేసింది. 1947 లోపల అలాంటివి మూడు రాశాను. మూడోసారి వెళ్లేటప్పటికి అమల్దారు మారాడు. ఆ షెడ్డు కాగితాలేవీ తన కచేరిలో లేవన్నాడు కొత్తాయన. ఆమె మరి యాడ అడగాలని నన్నడిగింది. నాకు తెలియదని చెప్పాను.