చిన్నాన్న, నాన్న, సగం మెరిసిన బానెట్

నిన్న పొద్దున్న టీ పెడుతుంటే పిన్ని ఫోను.

"మీ చిన్నాన్న ఇంక లేడే" అంది. అంతే. ఆ తర్వాత ఏటీ మాట్లాడలేకపోయింది.

కొత్తవలసలో కార్ పాలిషింగ్ షాపు మా చిన్నాన్నదే. మీలో చాలామంది బండ్లు ఆయన చేతిమీదుగా వెళ్లినవే. మొన్నీమధ్యే వీడియో కాల్‌లో నా స్కూటీ చూసి, ఇది బండా, బురదగుంటా అని తిట్టాడు. ఆ మనిషి నిద్రలోనే వెళ్లిపోయాడంట.

స్టవ్ కట్టేశాను.

కాసేపటికి నా నోట్లోంచి వచ్చిన మొదటి మాట ఏటో తెలుసా?

అమ్మయ్య.

తిట్టుకోండి, పర్లేదు. ఎందుకో చెప్తాను.

ఎస్.కోటలో మా ఇంట్లో తాతగారి కారు ఉంది. నల్లది. పందొమ్మిదొందల నలభైల్లో, బెల్లం వ్యాపారం బాగా నడిచిన రోజుల్లో కొన్నారు. రోజూ స్నానం చేసి, భుజం మీద తుండు తీసి, దాన్ని గుండ్రంగా తుడిచేవారంట. బండి బయటికి తీసినా, తియ్యకపోయినా. పోయేదాకా అదే అలవాటు. నాన్న, చిన్నాన్న అది చూస్తూ పెరిగినోళ్లే.

పొడిబట్టతో తుడిస్తే దుమ్ము పెయింట్‌ని గీకేస్తాది. ఎండలో చూస్తే సాలెగూడులా సన్నగీతలు. వాటిని స్విర్ల్ మార్క్స్ అంటాడు చిన్నాన్న. ఊళ్లోవాళ్ల కార్లన్నీ మెరిపించి సొంతింటి కారు ఇలా ఉంటే ఆయనకి నిద్రపట్టేది కాదు. ఒక్కసారి ఇవ్వమని ఏళ్లతరబడి నాన్నని బతిమాలాడు.

చివరికి నాన్న సరే అన్నాడు.

చిన్నాన్న మెషిన్ పట్టుకుని వచ్చీసాడు. తేడా చూపిద్దామని బానెట్ మధ్యలో టేప్ అంటించి ఒక సగమే మొదలెట్టాడు. పాత పెయింట్ కదా, మెషిన్ బాగా స్లోగా పెట్టి, మధ్యమధ్యలో అరచెయ్యి ఆనించి వేడెక్కిందేమో చూసుకుంటూ చేశాడు. ఆ సగం అద్దంలా వచ్చీసింది. మేమంతా నోరెళ్లబెట్టాం.

అప్పుడు మెషిన్ తిరగేశాడు. అడుగున తెల్లగా ఉండాల్సిన స్పాంజి ప్యాడ్ నల్లగా అయిపోయి ఉంది.

నాన్న ఒకటే కేకలు, రంగంతా ఊడగొట్టేస్తున్నావని. పాత కార్లకి పైన క్లియర్ కోట్ అనే రంగులేని పొర ఉండదు, ప్యాడ్‌కి రంగు అంటడం మామూలే, పోయేది పైనున్న పాడైన పొరేనని చిన్నాన్న నెత్తీనోరూ బాదుకున్నాడు. వింటేగా. అసలు నాన్న బాధ రంగు గురించి కాదు.

"ఆ గీతలు నాన్న సెయ్యిరా. నాన్న సెయ్యి నువ్వు సెరిపేస్తన్నావు."

చిన్నాన్న ప్లగ్ పీకేశాడు. వైరు చుట్టుకుని, భోజనం కూడా చెయ్యకుండా వెళ్లిపోయాడు.

రెండేళ్ల పైమాటే. ఇద్దరికీ మాటల్లేవు.

కారు అలాగే ఉండిపోయింది, సగం మెరుపు, సగం మసక. ఇంకెవరినీ ముట్టుకోనివ్వడు నాన్న. పెళ్లిళ్లకెళ్తే చెరో మూల. మధ్యలో పోస్ట్‌మేన్‌ని నేను. కారు ఎండలో పెట్టొద్దని మీ నాన్నకి చెప్పు అని చిన్నాన్న. ఆ మెషినోడికి బీపీ మాత్రలు మానొద్దని చెప్పు అని నాన్న. ఒళ్లు మండిపోయేది నాకు. ఫోన్లు లేవేటి ఇద్దరికీ?

మండిపోవడం పైకి. లోపల మాత్రం భయం. వీళ్లలో ఎవరు ఇలా మాట కలవకుండానే కన్నుమూసినా రెండో ఆయన ఇంక మనిషి కాడు. కొత్తవలస నుంచి ఫోనొస్తే చాలు, ఎత్తేముందు దేవుడికి దణ్ణం పెట్టుకునేదాన్ని.

మొన్న దసరాకి కారుకి బొట్టు పెడదామని నాన్న బానెట్ మీదకి వంగాడు. మెరిసే సగంలో తన మొహం కనపడింది. అలా వంగే ఉండిపోయాడు. తుడవడం అయ్యాక తాతగారు అందులోనే చూసుకుని మీసం సవరించుకునేవారని నాకు అప్పుడే చెప్పాడు.

మర్నాడు నన్ను ఆ కారే ఎక్కమన్నాడు. ఎక్కడికో చెప్పలేదు. చిన్నాన్న షాపు ముందు ఆపాడు.

చిన్నాన్న బయటికొచ్చి నిలబడ్డాడు. నాన్న దిగి నిలబడ్డాడు.

నాన్నే అన్నాడు. "నాన్న తుడిసింది గీతలు పడాలని కాదు గదరా. మెరవాలని. మిగతాది కూడా కానియ్యి."

చిన్నాన్న మొహం తుడుచుకుని మెషిన్ తెచ్చాడు.

ఆయన పాలిష్ పడుతుంటే, వైరు కారుకి రాసుకోకుండా నాన్న దాన్ని భుజం మీద వేసుకుని వెనకాలే తిరిగాడు. ఆ మెషిన్ సౌండ్‌లో అరుచుకుంటూ ఒకటే కబుర్లు. సాయంత్రం వరకూ. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చిన్నాన్న భోజనం మా ఇంట్లోనే.

అందుకే అమ్మయ్య అన్నాను.

అయినా నిన్న నాన్నని చిన్నాన్న ఇంటికి తీసుకెళ్తూ దారంతా ఆయన చెయ్యి వదల్లేదు. తమ్ముడి పక్కన కూర్చుని తల నిమురుతూ ఉండిపోయాడు. కన్నీళ్లు లేవు, మాట లేదు. పక్కింటావిడ భయపడి, మనసులో ఉన్నదేదో ఆయనతో చెప్పీయండి బాబూ అంది.

"సెప్పాల్సినవన్నీ సెప్పీసుకున్నామమ్మా. ఇంక ఏడుపొక్కటే ఉంది" అన్నాడు.

అప్పుడు ఏడ్చాడు, చిన్నపిల్లాడిలా. నేను ఆపలేదు.

వెళ్లు చిన్నాన్నా, నిశ్చింతగా వెళ్లు. మీ అన్నియ్యని నేను చూసుకుంటాను. నీ ఆత్మ చల్లగా ఉండాలి.