ఇడ్లీబండి దగ్గర ఐర్లండ్ రాజులు

ఐర్లండ్ పాత చక్రవర్తుల వంశావళి కంఠతా వచ్చిన మనిషి నాచారం మొత్తమ్మీద ఉమాపతి ఒక్కడే. లైబ్రరీలో పనిచేసి రిటైరైన గుంటూరాయన. మల్లవ్వ ఇడ్లీబండి దగ్గర ప్లేటు చేతికి రాగానే మొదలుపెట్టేవాడు. "వంద యుద్ధాల కాన్. ఆయన కొడుకు ఆర్ట్. ఆర్ట్ కొడుకు కార్మాక్..." చట్నీ ఎండిపోయేది గానీ రాజులు అయిపోయేవారు కాదు.

"సారూ, ఇడ్లీ సల్లగైతంది."

"తారా కొండ మీద ఓ రాయుందమ్మా. అసలైన రాజు కాలు పెడితే అరుస్తుంది."

"నా గిరాకీ గూడ అరుస్తున్నది. జర జరుగు."

2013లో మల్లవ్వ పెంచుకున్న నీలవేణికి పెళ్లి కుదిరింది. మల్లవ్వకు పది రోజులు ముద్ద దిగలేదు. నీలవేణి మూడేళ్లప్పుడు ఘట్‌కేసర్ స్టేషన్లో ఆమెకు దొరికిన పిల్ల. పెళ్లికొడుకు భూపాల్‌కు అంతా తెలుసు. కానీ పీటల మీద పంతులు తండ్రి, తాత, ముత్తాతల పేర్లు అడుగుతాడే! మల్లవ్వ అసలు పెళ్లే చేసుకోలేదు. నలుగురిలో పిల్ల తల దించుకోవాల్సి వస్తే? అది చాలదన్నట్టు పెళ్లినాడు పందిట్లో ఉమాపతి ముందు వరసలో కూర్చున్నాడు.

"నీ కాళ్లు మొక్కుత సారూ, ఇయ్యాల రాజుల ముచ్చటొద్దు."

"నియాల్ ఒక్కడేనమ్మా!"

"గా ఒక్కడు గూడ ఒద్దు!"

పంతులు అడగనే అడిగాడు. పందిరంతా చెవులు రిక్కించింది. భూపాల్ మేనమామ హనుమాండ్లు గొంతు సవరించుకున్నాడు. "అవునవ్వా, పిల్ల ఎవరి బిడ్డ?"

ఉమాపతి లేచాడు. మల్లవ్వ కూర్చోమని చెయ్యి ఊపింది.

"నియాల్‌ను పుట్టగానే బయట వదిలేశారండీ. టోర్నా అనే కవి ఎత్తుకెళ్లి పెంచాడు. ఆ పిల్లాడే ఐర్లండ్‌ను ఏలాడు." పీటల వైపు చూశాడు. నీలవేణి తడికళ్లతోనే తలూపింది. "చదవండి పంతులుగారూ. సీతారామస్వామి మునిమనవరాలు, కోటేశ్వరరావు మనవరాలు, ఉమాపతి కూతురు. గోత్రం కూడా మాదే."

మేళం మోగింది. మల్లవ్వకు అప్పుడు తట్టింది. ఈ పద్దెనిమిదేళ్లూ బండి దగ్గర ఎవరు "ఈ పిల్ల ఎవరి బిడ్డ?" అని నోరు తెరిచినా, మధ్యలో వంద యుద్ధాల కాన్ వచ్చి పడేవాడు. అడిగినవాళ్లు సగం ఇడ్లీ వదిలేసి పారిపోయేవారు.

భోజనాల దగ్గర మొదటిసారి ఆమే అడిగింది. "సారూ, నియాల్‌ను పెంచినాయన ఎవరి కొడుకు?"

ఉమాపతి బిక్కమొహం వేశాడు. "అది... నాకు తెలీదమ్మా."

"పోనీ తియ్యి. పప్పు సల్లగైతంది, తిను," అని మల్లవ్వ ఇంకో గరిటె నెయ్యి పోసింది.